మామిడికాయ లేని భోజనం

మా బావ వెంకటనారాయణకు ఎవరి మీదైనా కోపమొస్తే కొట్టడు, తిట్టడు. భోజనానికి పిలుస్తాడు. ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో ఆయనతో పనిచేసిన వాళ్ళందరికీ ఇది తెలుసు. గని వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరిన కొత్తలో, తన మీద చాడీలు చెప్పాడని ఒకతన్ని ఇంటికి పిలిచాడు. వడ్డిస్తూనే నలుగురి ముందూ అతని ఇంటి గుట్టంతా విప్పి, ముద్ద గొంతు దిగకుండా చేసి పంపాడు. అక్క మొగుడు కాబట్టి బావా అంటున్నాను గానీ, నాకాయన పొడ గిట్టదు. ఆ సంగతి నేనెప్పుడూ దాచుకోలేదు, ఆయనా దాచుకోలేదు.

విజయనగరం వైపు నుంచి రైలెక్కి వచ్చి, ఈ ఎర్రమన్నులోనే జుట్టు నెరిసేదాకా బతికాడు. సంతలో గోండీలో బేరమాడతాడు, హల్బీలో బూతులు తిడతాడు, సాహెబు ముందు హిందీలో నంగినంగిగా సెలవు అడుగుతాడు. అడవి జనం పండగలు ఏ నెలలో వస్తాయో, ఏ పండగకు ముందు ఏం తినరో ఆయనకు కంఠతా వచ్చు. కోడీ, తేనే, చింతపండూ వాళ్ళ దగ్గరే కొంటాడు. వాళ్ళను మాత్రం గడప దాటనివ్వడు.

అలాంటి మనిషి కూతురు బిందు, తనతో పాటు ఆసుపత్రి ల్యాబులో పనిచేసే ప్రకాష్‌ను చేసుకుంటానంది. అతను ఆవపల్లి దగ్గరి దోర్ల తెగ కుర్రాడు. మా అక్క బుల్లమ్మ ఏడ్చి ఊరుకుంది. బావ ఏడవలేదు. బిందు ఆయనకో మాట చెప్పింది: "నువ్వు కాదంటే రిజిస్టరు పెళ్ళి చేసుకుంటాను నాన్నా. వాళ్ళమ్మ కాదంటే మాత్రం ఈ పెళ్ళి మాట ఎత్తను."

బావ ఆ రెండో మాటను పట్టుకున్నాడు. సంబంధం తెగాలి, తెంచింది వాళ్ళే కావాలి. వెంటనే ప్రకాష్ తల్లి బుధ్రిని భోజనానికి పిలిచాడు. ఇంటికి కాదు, హోటలుకు. మేనమామను కాబట్టి నన్నూ రమ్మన్నాడు. అక్కకు ఒంట్లో బాగాలేదని తనే చెప్పి ఇంట్లో ఉంచేశాడు. ప్రకాష్‌కు ఆ సాయంత్రం డ్యూటీ. అది కూడా కనుక్కునే పిలిచాడని నా అనుమానం.

ఉగాది వెళ్ళి వారం కాలేదు. ఆ రోజుల్లో టౌన్‌షిప్‌లోని తెలుగు మెస్సులో మామిడికాయ పడని గిన్నె ఉండదు. పప్పులో మామిడి, పులిహోరలో మామిడి, పచ్చడి సరేసరి, చారులో కూడా రెండు ముక్కలు. బావ బుధ్రినీ బిందునూ నన్నూ తిన్నగా అక్కడికే తీసుకెళ్ళాడు. బుధ్రి ఉతికిన చీర కట్టుకుని, బస్సులో వచ్చిన అలసటతో కూర్చుంది. విస్తరి వైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అన్నా, మా ఊర్ల ఇంకా మామిడి పండుం కాలే. దేవునికి పెట్టకముందు కొత్త కాయ ముట్టం. ఏమనుకోకు. మామిడి లేనిది ఏదున్నా తింట," అంది.

"అయ్యయ్యో, అదేటి చెల్లెమ్మా, నాకు తట్టనేలేదు," అన్నాడు బావ.

తట్టకపోవడమేమిటి? కిందటేడు ఆ పండుం, అంటే వాళ్ళ కొత్తకాయ పండగ, కాకముందు సంతలో కాయలు దొరకలేదని ఊరంతా వినేలా తిట్టిపోసిన మనిషి. నాకు ఒళ్ళు మండింది. బిందు మాత్రం తండ్రి నిజంగానే మరిచిపోయాడనుకుంది. "వేరే చోటికి వెళ్దాం, ఏముంది," అని లేచింది.

రెండోది టిఫిన్ హోటలు. సాంబారులో మామిడి ముక్కలు తేలుతున్నాయి, కొబ్బరి చట్నీలోనూ మామిడే. "ఉత్త దోసె చాలు, ఇంత కారప్పొడి పెట్టుకుంట," అంది బుధ్రి. ఆమెకు ఆకలేస్తోందని మొహం చూస్తేనే తెలుస్తోంది. పొద్దున ఆవపల్లిలో తిని బయల్దేరిన మనిషి. బావ ఒప్పుకోలేదు.

"కాబోయే వియ్యపురాలికి ఉత్త దోసె పెట్టానంటే నా పరువేం కావాలి? లేవండి," అన్నాడు.

"పరువు తర్వాత బావా, ముందు ఆవిడను తిననియ్యి," అన్నాను.

"నువ్వు తిండికొచ్చావు, తిని పో. పెద్దరికం నాకుంది," అన్నాడు. హోటలు వాడి ముందు కొట్లాట దేనికని బిందు నా చెయ్యి పట్టి ఆపింది.

బిర్యానీ హోటలు ముందు నుంచి పోతూ, శనివారం నీచు ముట్టనన్నాడు. శనివారాలు ఆయన ఏం ముట్టుకుంటాడో నాకు తెలుసు. ఇంకో చోట ఎవరో కాంట్రాక్టరు విందట, బల్లలు ఖాళీ లేవు. బుధ్రి చెప్పులు చేత్తో పట్టుకుని మా వెనక నడుస్తోంది. కొత్త చెప్పులు, కరుస్తున్నాయి. బావ ముందు నడుస్తూ, వీళ్ళతో వియ్యమంటే ఇంతే, ముద్దకు వంద షరతులు అని గొణుగుతూనే ఉన్నాడు, ఆమెకు వినపడేలా.

చివరికి రోడ్డు పక్క ఢాబాకు చేరాం. రొట్టె, పప్పు. పప్పులో ఆమ్‌చూర్ వేస్తారా అని బిందు అడిగింది. వేస్తామన్నాడు వంటవాడు. అంటే ఎండు మామిడి పొడి. బిందు మొహం వాడిపోయింది.

బుధ్రి నవ్వింది. "అది నిరుటి కాయ గదా బిడ్డా. దానికి నిరుడే పండుం చేసినం. అది తింటం. ఈ ఏటి కాయే వద్దు."

ఇంకేం, గండం గడిచిందనుకున్నాను. చేతులు కడుక్కుందామని వెనక్కి వెళితే, పొయ్యి దగ్గర బావ గొంతు వినిపించింది. పచ్చి మామిడికాయ సన్నగా తురిమి పప్పులో కలిపెయ్యి, ముక్క కనబడకూడదు అని వంటవాడికి హిందీలో చెబుతున్నాడు. నన్ను చూసి కూడా తొణకలేదు.

"తిన్నాక చెబుతాను," అన్నాడు. "శోకాలు పెట్టి తనే పోతుంది. పీడ వదులుతుంది."

"నువ్వు మనిషివేనా?" అన్నాను.

"అరిచి చెప్పుకో. నీ మాట ఎవడు నమ్ముతాడు?"

అది నిజమే. బల్ల దగ్గరికి పోయి బిందు చెవిలో చెప్పాను. నా వైపు జాలిగా చూసింది. "మావయ్యా, మీకు నాన్నంటే ముందునుంచీ పడదు. ఇవాళైనా వదిలెయ్యండి," అంది. ఇన్నేళ్ళు ఆయన్ను తిట్టిన తిట్లన్నీ ఆ క్షణంలో నాకే వచ్చి తగిలాయి.

పప్పు వచ్చింది. బుధ్రి రొట్టె తుంచింది. నేనింక ఆగలేకపోయాను.

"తినకమ్మా, అందులో పచ్చి మామిడి కలిపించాడు," అన్నాను పైకే.

బుధ్రి చెయ్యి ఆగిపోయింది. బిందు తండ్రి వైపు తిరిగింది. "ఉందా నాన్నా?"

"లేదమ్మా. ఆమ్‌చూర్ పులుపు. మీ మావ బుద్ధి నీకు తెలీదా?"

"అయితే నా మీద ఒట్టెయ్యి."

ఒక్క రవ్వ తటపటాయిస్తాడనుకున్నాను. వెయ్యలేడని ఆశపడ్డాను కూడా, ఎంతైనా కన్న తండ్రి. ఆయన కుర్చీలోంచి ముందుకు వంగి, చెయ్యి చాపి, బిందు నడినెత్తిన పెట్టాడు. "నీ మీదొట్టు. లేదు," అన్నాడు.

బుధ్రి ఊపిరి వదిలింది. బిడ్డ తల మీద చెయ్యేసి చెప్పాక ఇంక ఏ మనిషైనా నమ్ముతాడు. రొట్టె ముక్కను పప్పులో ముంచి నోటి దాకా తీసుకుపోయింది.

"ఆగత్తా," అంది బిందు. మరి ఏం తోచిందో, తన గిన్నెలోంచి ఒక చెంచా ముందు తను నోట్లో వేసుకుంది. నమిలింది. నమలడం ఆపి, నాలుక మీంచి ఏదో తీసి అరచేతిలో పెట్టుకుంది. గోరంత మామిడి తొక్క, ఇంకా పచ్చగానే ఉంది.

బుధ్రి రొట్టె ముక్కను పళ్ళెం అంచున పెట్టేసింది. బావ వెనక్కి వాలి కూర్చున్నాడు. దొరికిపోయినా ఆయన మొహంలో సిగ్గు లేదు. ఎలా అయినా ఆమె ఇప్పుడు లేచి తిడుతుంది, సంబంధం పోతుంది, తనకు కావలసింది అదే.

"ఇంకేటి చెల్లెమ్మా," అన్నాడు. "మా పద్ధతులు మీకు కుదరవు. కాదని చెప్పి వెళ్ళు."

బుధ్రి పళ్ళెం అవతలికి నెట్టింది.

"నేను తినలే, మా దేవునితో నాకు తకరారు లేదు," అంది. "మామిడి పెట్టినవ్, పోనీ. గానీ బిడ్డ నెత్తిన చెయ్యేసి అబద్ధమాడినవ్. ఇగ ఈ బిడ్డను నీ కాడ ఎట్ల ఇడిచిపెట్టి పోత? నడువ్ బిడ్డా. ఈ రాత్రి మా పిలగాని రూముల నా కాడ పండుకో."

బిందు సంచి తీసుకుంది. బావ "బిందూ" అన్నాడు. తర్వాత మళ్ళీ అన్నాడు. ఆ రెండోసారి ఆయన గొంతు నేనెప్పుడూ విన్నది కాదు. నాకు సంతోషం కలగాల్సింది, కలగలేదు.

వైశాఖంలో ఆవపల్లిలో పెళ్ళయింది. కన్యాదానం నేనూ మా ఆవిడా చేశాం. బావ వస్తాడనుకోలేదు, వచ్చాడు. అక్షింతలు పట్టుకుని వరసలో నిలబడి, తన వంతు వచ్చినప్పుడు కూతురి తల మీదకు చెయ్యెత్తాడు. బిందు తల వెనక్కి తీసుకుని దోసిలి చాపింది.

"చేతిలో వెయ్యి నాన్నా," అంది.