రూతు చెప్పిన రుచి

ఆళ్ళగడ్డ నాలుగు రోడ్ల దగ్గర ఎజ్రా జ్యూస్ అంగడి తెలియని వాళ్ళు తక్కువ. బత్తాయి రసం గ్లాసులో పోసేముందు ఒక చుక్క ఎడమచేతి వెనక వేసుకుని నాకి చూసేవాడు. నచ్చకపోతే పారబోసేవాడు. రుద్రవరం బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళు "అయ్యో, ఆ పారబోసేది మాకు పోయరాదా!" అని అరిస్తే, "పాడు రసం తాగి ఊరంతా నా పేరు చెప్తారు, వద్దులేక్కా" అనేవాడు.

ఆ అలవాటు దుబాయ్‌లో అబ్బింది. మా ఇంటికీ వాళ్ళింటికీ నడుమ ఒకటే గోడ కాబట్టి నాకు అన్నీ తెలుసు. పెళ్ళయిన కొత్తలోనే అక్కడ ఒక పెద్ద హోటల్లో అంట్లు తోమడానికి పోయాడు. తర్వాత బార్లో గ్లాసులు కడిగాడు. ఆ తర్వాత వాళ్ళే గ్లాసులు నింపే పని ఇచ్చారు. అన్ని రకాల మందుల మధ్య బతికినా తాగుబోతు కాలేదు మహానుభావుడు. ఒక్కటి మాత్రం ఇష్టం. టకీలా. అది కూడా ఉత్తదే, చిన్న గ్లాసులో, పిట్ట నీళ్ళు తాగినట్టు.

టకీలా అంటే ఏందో నాకూ ఆయన చెప్తేనే తెలిసింది. మన చేల గట్ల మీద కంచెకు పెంచే కిత్తనార లేదా, దానికి దాయాది లాంటి చెట్టట. మెక్సికో అనే దేశంలో దాని మట్టలన్నీ నరికేసి, నడిమి గడ్డను కాల్చి, పిండి, పులియబెట్టి, ఆ రసాన్ని కాస్తారట. సెలవుకు వచ్చిన ప్రతిసారీ ఒక సీసా తెచ్చేవాడు. విమానం ఎక్కమని పిలుస్తున్నా విమానాశ్రయం అంగట్లో సీసాలు తిప్పి తిప్పి చూస్తూ నిలబడేవాడట.

ఆయనకు చిన్నప్పటి నుంచి ఒక్కడే దోస్తు, దొర్నిపాడు చెన్నకేశవులు. తాతల నాటి నుంచి భూములున్న ఇల్లు. బళ్ళో ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు, అప్పటి నుంచి విడిపోలేదు. మొదటిసారి ఎజ్రా సీసా తెచ్చి మిద్దె మీద కూర్చోబెట్టినప్పుడు కేశవులు చేసిన పని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. గ్లాసు నిండా కూల్‌డ్రింకు కలిపేశాడు.

"ఒరేయ్ కేశవా! ఏందిరా అది, ఏం చేస్తాండావ్?"

"మరి ఉత్తది తాగల్లా? కడుపు కాలదా?"

"నీది నోరు కాదురా, మోటరు పైపు. వచ్చింది తెలీదు, పోయింది తెలీదు."

"అయితే నేర్పీ సామీ, నీ దుబాయ్ తాగుడు."

నేర్పాడు. సీసా మీద వంద శాతం ఆ చెట్టుదే అని రాసి ఉంటేనే కొనాలట, లేకపోతే చక్కెర సారా కలిపి ఉంటారట. మరీ ఎర్రగా మెరిసేదాన్ని నమ్మకూడదట, రంగు పోసి ఉండొచ్చు. చల్లబరచకూడదు. నిమ్మకాయ, ఉప్పు వద్దు. "మంచి సరుక్కు నిమ్మకాయ ఎందుకురా? పాడుది మింగలేక పిండుకుంటారు గానీ." కేశవులు అంతా విని, "మేం కొనేటప్పుడు మూత సీలు ఊడిందా లేదా చూసుకుంటే అదే గొప్పప్పా" అని గుటుక్కున మింగేశాడు.

రూతుకు మాత్రం ఈ యవ్వారం గిట్టేది కాదు. రూతు ఎజ్రా భార్య. ఆదివారం గుడిలో పాట ఎత్తుకునేది ఆమే. "ఆ సీసా ఇంట్లో ఉంటే నా ప్రార్థన పైకి పోదు, మిద్దెకు తగులుకుని ఆడ్నే నిలబడతాది" అనేది. ఎజ్రా దుబాయ్ వదిలేసి వస్తూ చివరగా తెచ్చిన సీసాను బియ్యం డ్రమ్ము వెనక పెట్టి గోనెసంచి కప్పింది. ఆయన కూడా తియ్యలేదు. చాలా ఖరీదైందట, కొయ్య పీపాలో మాగేసిందట. "మంచి రోజు రానీ, తీస్తా" అనేవాడు. పిల్లలు లేని ఇల్లు, పండగంటే క్రిస్మస్ ఒకటే, అప్పుడు రూతు తియ్యనివ్వదు. ఆ మంచి రోజు రాకుండానే ఏళ్ళు పోయాయి.

నాలుక పక్కన పుండు లేచింది. పన్ను గీసుకుందనుకున్నాడు. నిమ్మరసం చుక్క తగిలితే ఎగిరిపడేవాడు. ఎంతకీ మానకపోతే రూతు నంద్యాలకు లాక్కుపోయింది. ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్. మంగళవారం ఆపరేషన్, నాలుక చాలావరకు తీసెయ్యాలన్నారు. తిరిగొచ్చి బస్సు దిగినప్పుడు చూశాను, మనిషి అంగడి వైపు కూడా చూడలేదు.

ఆదివారం రూతు గుడికి పోయిన వేళ చూసి కేశవుల్ని పిలిపించుకున్నాడు. నేను వాళ్ళ వసారాలో కందులు ఏరుతూ ఉన్నాను. డ్రమ్ము వెనక నుంచి సీసా తీసి నడుమ పెట్టాడు.

"ఎల్లుండి నుంచి నాకు రుచి ఉండదురా. ఒకసారి తాగి పోతా."

"డాక్టరు వద్దన్లేదా?"

"కోసేసేదానికి పథ్యమేందిరా!"

గ్లాసులో రెండు వేళ్ళు పోసుకుని, వాసన చూసి, నవ్వి, పెదవులకు తాకించాడు. అంతే. పుండు మీద పడినట్టుంది, కేక పెట్టి గ్లాసు వదిలేసి నోరు పట్టుకుని కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. మేమిద్దరం నీళ్ళు ఇచ్చి, వీపు రాసి, ఎట్లనో లేపాం.

కొంచెం తేరుకున్నాక ఇంకో గ్లాసులో పోసి కేశవుల వైపు తోశాడు. "నువ్వు తాగు. తాగి ఎట్లుండాదో నాకు చెప్పు."

కేశవులు తాగాడు. "బాగుంది."

"బాగుంది అంటే?"

"ఘాటుగుంది."

"ఇంకా?"

"ఇంకేముంటాదిరా, మందు మందు మాదిరే ఉంది."

"ఒరేయ్, గడ్డి మేసే ఎద్దు కూడా ఇంతకంటే చెప్తాది గదరా!" అని ఎజ్రా ఏడ్చాడు. నవ్వులాటకు అన్న మాటే, కానీ నిజంగా ఏడ్చాడు. కేశవులు తల వంచుకుని, "నాకు తెలీదప్పా, ఎప్పుడూ చూసుకోలా" అన్నాడు.

అప్పుడే రూతు గడపలో నిలబడి ఉంది. చేతిలో బైబిలు. సీసా చూసింది, కింద పడ్డ గ్లాసు చూసింది, మొగుడి మొహం చూసింది. సీసా వీధిలో పడుతుందని నేను కందుల చేట పక్కకు జరుపుకున్నాను.

"ఏం కావాల నీకు?" అంది.

"రుచి మే. ఒక్కసారి రుచి."

బైబిలు గూట్లో పెట్టింది. కొంగు దోపుకుని కింద కూర్చుంది. "యాడా, ఇటీ. దేవునితో నేను మాట్లాడుకుంటాలే. ఎట్ల తాగల్లో చెప్పు."

ముప్పై ఏళ్ళ కాపురంలో రూతు ఆయన్ని ఏదైనా చెప్పమని అడిగింది అదే మొదలేమో. ఎజ్రా చెంగున నిటారుగా కూర్చున్నాడు.

"ముందు వాసన చూడు. ముక్కు గ్లాసులో పెట్టద్దు, కొంచెం దూరం."

"ఊ. చేనికి నీళ్ళు కట్టినప్పుడు వచ్చే వాసన. తడి మట్టి."

"తర్వాత?"

"కాల్చిన గెనుసుగడ్డ. నిప్పులకు తొక్క మాడిన చోట ఉంటాదే, ఆడ."

ఎజ్రా కళ్ళు మూసుకున్నాడు. "ఇప్పుడు ఒక చుక్క నాలుక మీద ఏసుకో. మింగద్దు."

రూతు మొహం ముడుచుకుంది, కానీ మింగలేదు. వేలెత్తి ఆగమంది. తర్వాత మెల్లగా చెప్పింది. "తీపి ముందొచ్చింది. పాకం ముదిరినాక ఉండే తీపి. ఇప్పుడు మిరియాలు. నాలుకకు రెండు పక్కలా గిల్లుతాంది."

"ఎడం పక్క ఎక్కువ గదా?"

"ఆ. ఎడం పక్కే ఎక్కువ."

పుండు లేచింది ఎడమ పక్కే. ఆయన చెయ్యి ఆ చెంప మీదికి పోయింది.

"మింగి, ముక్కుతో ఊపిరి ఇడువు. ఏమొస్తాంది?"

"కొయ్య. కొత్త తలుపుకు రంద పట్టి పొట్టు రాల్చినట్లు."

"పీపా మే! అది పీపా!" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. పొంగిన నాలుకతో మాట సరిగా పలకడం లేదు. గొంతులో ఏమీ పోయకుండానే గుటక వేశాడు. కేశవులు అటు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. మాట పోయింది. ముక్కులో నుంచి కడుపులోకి గొట్టం వేశారు, ఏదైనా పల్చగా చేసి అందులోనే పొయ్యాలి. నేను నంద్యాలకు పోయినరోజు రూతు రాగి గంజి గొట్టంలో పొయ్యబోయి ఆగింది. ఒక చెంచా తన నోట్లో వేసుకుంది. "రాగులు బాగ ఏగినాయి. ఉప్పు రవ్వంత తక్కువ" అంది. ఎజ్రా కళ్ళు తెరిచి ఆమె వైపు చూశాడు. చెయ్యెత్తి గాలిలో గుండ్రంగా తిప్పాడు. ఇంకా చెప్పమని.

ఇంటికొచ్చాక కూడా అదే. గోడ ఇవతల నుంచి రోజూ వినేదాన్ని. చింతచిగురు పప్పు తేట పోస్తూ, "పులుపు ముందొచ్చె, ఎనకనే ఎల్లిపాయ" అనేది. ఒకనాడు పని తొందరలో "బాగుంది" అని ఊరుకుంటే మంచం కోడు దబదబా బాదాడు. "చెప్తాండాలే సామీ, మంచం ఇరగ్గొట్టద్దు!" అని అరిచింది. వీధిలో వాళ్ళం వండుకున్నదల్లా గిన్నెలో తీసుకుపోయే వాళ్ళం, రూతు చెప్తే వినాలని మాకూ ఆశ.

ఆదివారం గుడి నుంచి వచ్చాక సీసా మూతతో కొంచెం పోసుకుని అది కూడా చెప్పేది. గుడిలో ఎవరో అడిగేశారు, నువ్వు తాగుతావంట కదా అని. "నేను తాగేది కాదమ్మా, ఆయన తాగేది" అంది. ఇంకెవరూ అడగలేదు.

ఎండలు ముదిరేసరికి రోగం మెడలోకి తిరగబెట్టింది. ఈసారి కోసేదేం లేదన్నారు. రూతు చెప్తూనే ఉండేది. గంజి, మజ్జిగ, పులుసు తేట, సీసాలో చివరి మూతెడు కూడా. మొదట్లో చెయ్యి తిప్పేవాడు. తర్వాత వేళ్ళు మాత్రం కదిలేవి. ఒక పొద్దున ఆమె బత్తాయి రసం గురించి చెప్పి, చెప్పి, వేళ్ళు కదులుతాయేమోనని చూస్తూ కూర్చుంది.

ఎజ్రాను మట్టి చేసి వచ్చాక కూడా కేశవులు రాకపోకలు మానలేదు. మొన్న శనగలు తెచ్చి ఇచ్చి పోతుంటే రూతు అన్నం తినిపొమ్మంది. నేనూ ఉన్నాను. పప్పు వడ్డించింది, తను తినలేదు. ఎజ్రా పోయినప్పటి నుంచి వండింది ఏదీ నోట్లో వేసుకుని చూడడం లేదు.

"ఉప్పు సరిపోయిందా అన్నా?"

"సరిపోయింది రూతమ్మా. పప్పు ఇంకొంచెం ఎయ్యి."

రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. వాకిట్లో చెయ్యి కడుక్కుంటుంటే నేను చెంబు పట్టుకుని నిలబడ్డాను. మెల్లగా అన్నాడు.

"అందులో ఉప్పే లేదక్కా. చెప్తే ఆయమ్మ నోట్లో ఏసుకుని చూడాల్సొస్తాది గదా."