రోజీ గిన్నె, మా ఆయన నెత్తి

మొన్న దీపావళి కాంచి మా ఆయన నెత్తి ఎందుకంత నిగనిగ మెరుస్తున్నదని గల్లీల అందరు అడుగుతున్నరు గదా! "ఏం నూనె పెడుతున్నవ్ అనసూయా, జర మాకు గూడ చెప్పు" అని. చెప్త, కూసోండ్రి. చాయ్ పొయ్యి మీదనే ఉన్నది. గాని ఒక్క మాట, మా అత్త లోపట్నే ఉన్నది, పెద్దగ నవ్వొద్దు. అది నూనె గాదు. నా రెండేండ్ల ఆశ అది, పోయి పోయి ఆయన నెత్తిన పడ్డది.

సరితా వదినా, నువ్వు ఈ గల్లీకి కొత్త, నీకు రోజీ తెల్వదు. మా వెనుక గోడ ఉన్నది సూడు, దానవతల రైల్వే క్వార్టర్లు. గోడకు ఆనుకొని ఉన్న ఇల్లు రోజీది. వాళ్ళాయన రైలు గార్డు. పుట్టి పెరిగింది సికింద్రాబాద్‌ల గాబట్టి తెలుగు వస్తది. గాని ఆ తెలుగుల సగం ఉర్దూ, సగం ఇంగ్లీషు, నడుమ నడుమ నవ్వు.

నేను బిలోలి దిక్కు పల్లె నుంచి లగ్గమై ఈ నాందేడ్‌కు వచ్చినప్పుడు నాకు ఒక్కలు గూడ తెల్వరు. ఆయన పొద్దుగాల పత్తి జిన్నింగ్ ఫ్యాక్టరీకి పోతే పొద్దూకినంకనే ఇల్లు చేరేది. మా అత్త జపం చేసుకుంట కూసుంటది. నేను వెనుక పెరట్ల బట్టలు పిండుకుంట ఏడ్సేదాన్ని. ఒకనాడు గట్లనే ఏడుస్తుంటే గోడ మీదికెళ్ళి ఒక తలకాయ లేసింది. "ఏయ్, రోనా బంద్ కరో! చాయ్ తాగుతవా?" అన్నది. గామెనే రోజీ.

గంతే, ఆ నాటి నుంచి పగటీలి పని అయిపోంగనే నేను గోడవతలనే. కుట్టుమిషన్ నేర్పింది. బజార్ల బేరం చేసుడు నేర్పింది. సినిమాకు తీస్కపోయింది, మా అత్తకు కీర్తనకు పోయినమని చెప్పింది! మా అమ్మ యాదికొచ్చి ఏడుపొస్తే పోయేదీ ఆమె దగ్గరికే, అత్త మీద కోపమొస్తే పోయేదీ ఆమె దగ్గరికే.

రోజీ అన్నానికి కూసుంటే పళ్ళెంల కీర, గాజర్, టమాట సన్నగ కోసి పెట్టుకునేది. వాటి మీద ఒక తెల్లటిది వేసేది, మెత్తగ, మెరుసుకుంట. మయోనీస్ అంట. నాకు నోరు తిరగక "తెల్లది" అనేదాన్ని. ఆమె కలుపుతుంటే పక్కన కూసొని సూసేదాన్ని. గుడ్డు సొన గిన్నెల వేసి, నూనె చుక్క చుక్క పోసుకుంట గిలక్కొడుతది. ఆవపిండి, నిమ్మరసం, మిరియాల పొడి. "తొందర నక్కో అనసూ, తొందరపడితే విరిగిపోతది" అనేది. ఆ వాసనకు నా నోట్ల నీళ్ళూరేవి. గాని మాది మాలకరి, అంటే మాల వేసుకున్న భక్తుల ఇల్లు. మా అత్త మెడల తులసి మాల, ఏటేట పండరికి పోతది. గుడ్డన్న మాట గూడ మా గడప లోపటికి రావొద్దు. అందుకని రోజీ తెల్లది అద్దుకొని తినేది, నేను ఉప్పు అద్దుకొని తినేదాన్ని.

పోనీ పెరుగుతోటి చెయ్యి అన్న ఒకసారి. "అమ్మో, పాలు పెరుగు నాకు పడదు, కడుపు గడబిడ" అన్నది. అది నిజమే, చాయ్ గూడ నల్లదే తాగేది. "నాది నీకు పడదు, నీది నాకు పడదు, వా రే దోస్తీ!" అని ఇద్దరం నవ్వేది. గాని ఒకనాడు నవ్వుకుంట నవ్వుకుంట చెంచా కింద పెట్టింది. "అనసూ, ఎప్పటికన్న ఒక్కసారి మనిద్దరం ఒక్క గిన్నెల తినాలె యార్. ఇంట్ల అందరుండి గూడ నేను ఒక్కదాన్నే తింటున్నట్టు అనిపిస్తది. నువ్వు తెలివిగల్లదానివి. నువ్వే కనిపెట్టు, గుడ్డూ వద్దు, పాలూ వద్దు" అన్నది.

కనిపెడ్త అన్న. కనిపెట్టకముందే వాళ్ళకు మన్మాడ్ ట్రాన్స్‌ఫర్ వచ్చింది.

ఆ క్వార్టర్ల ఇంకెవరో దిగిండ్రు. మంచోళ్ళే పాపం. గాని నాకు ఆ గోడ దిక్కు సూడబుద్ధి గాకపోయేది. బట్టలు గూడ ముందట అరుగు మీదనే పిండుకున్న. మా అత్త "వెనుక అంత జాగ ఉండంగ బజార్ల పిండుతవేందే" అని తిట్టేది.

ఆ తెల్లదాన్ని మాత్రం ఇడువలే. పల్లీలు నానవెట్టి నూరిన, అది అచ్చం పల్లి చట్నీ అయింది. మా ఆయన జొన్నరొట్టెల పెట్టుకొని తిని, "రేపు గూడ చెయ్యి, జర ఎల్లిపాయ ఎక్కువెయ్యి" అన్నడు. నాకు ఏడుపొచ్చింది, ఆయనకు ఏం సమజ్ గాలే. ఆలుగడ్డ ఉడుకవెట్టి నూనె పోసి గిలక్కొడితే బంక అయి కూసున్నది, కవ్వం పైకి లేపితే గిన్నె గూడ దానెంబడే లేసింది. ఆయన నవ్వుకుంట "ఫ్యాక్టరీకి తీస్కపోత, మూటలకు చీటీలు అంటించుకుంటం" అన్నడు. నేను రెండ్రోజులు ఆయనతోటి మాట్లాడలే.

ఇగ ఈ పండుగకు ముందుగాల రైల్వేల పనిచేసే పాయింట్స్‌మన్ మా ఇంటికొచ్చి, "రోజీ మేడం చెప్పి పంపింది బహెన్‌జీ. సాబ్ రిటైర్ అయిండు. సామాన్లు కట్టుకొని సికింద్రాబాద్ పోతున్నరు, ఇగ అక్కడనే ఉంటరు. దీపావళి నాడు పొద్దుగాల బండిల పోతరు. స్టేషన్‌కు రమ్మన్నది" అన్నడు.

ఇంజను నీళ్ళు పట్టుకునేంత సేపే బండి ఆగేది. సికింద్రాబాద్ పోయినంక మళ్ళ ఎక్కడ సూస్త ఆమెను? నేను ఊరు దాటి పోయే మనిషినా! ఉన్నదే గంత సేపు. గా గంత సేపట్ల ఒక్క గిన్నెల తినాలె, గంతే.

కుసుమలు గుర్తుకొచ్చినయ్ నాకు. మా అమ్మ కుసుమలు నానవెట్టి దంచి, బట్టల వేసి పిండి పాలు తీసేది, ఆ పాలల్ల గోధుమల పాయసం చేసేది. చేన్ల పండినవి, బర్రెకు సంబంధమే లేదు! అమ్మా, నువ్వు ముందుగాల్నే ఎందుకు గుర్తు రాలేవే అని నాకు నేనే నెత్తి కొట్టుకున్న. పండుగకు ముందురోజు పగటీలి కుసుమలు దంచి పాలు తీసిన. జర బియ్యప్పిండి వేసి పొయ్యి మీద చిక్కవెట్టి, సల్లారినంక నిమ్మరసం, ఆవపిండి, మిరియాలు వేసి, నూనె చుక్క చుక్క పోసుకుంట గిలక్కొట్టిన. తొందర పడలే. చెయ్యి గుంజుతున్నది, గాని గిన్నెల అది చిక్కవడుతున్నది, మెరుస్తున్నది, జర పసుపుపచ్చగ వచ్చింది గాని అచ్చం రోజీ చేసినట్టే! గప్పుడు సంతోషం పట్టలేక నేను ఒక్కదాన్నే నవ్విన.

రుచి సూసినవా అంటరు మీరు. సూడలే. ఇంకొకలకు పెట్టేదాంట్ల ముందే ఏలు పెడితే ఎంగిలి గాదా? మా అత్త ఇంట్ల గది నడువదు. పైగా ఇది రోజీతోటే తినాలె అని మనసుల అనుకున్న. ఇంకోటి, నీళ్ళల్ల చేతులు పెట్టి పెట్టి నాకు మస్తు పడిశం వట్టింది. వాసన అంటేనే తెల్వదు.

ఇప్పుడు అసలు సంగతి వినుండ్రి. దీపావళి నాడు తెల్లారకముందే తలంటు పోసుకోవాలె గదా. నేను పండుగకని నలుగు గూడ కలిపిన. మరాఠోళ్ళు ఉటణం అంటరు సూడు, గదే. శనగపిండి, గంధం, కచ్చూరాలు, వట్టివేళ్ళు, జర పసుపు, నూనె. పెండ్లికి మా అమ్మ ఇచ్చిన గిన్నెలు రెండు ఉన్నయ్, ఒక్కతీరువి. ఒక గిన్నెల రోజీ తెల్లది, ఒక గిన్నెల నలుగు. రెండిటి మీద పళ్ళాలు మూసి వంటింటి అరుగు మీద పెట్టిన. నా తెలివికి నేనే దండం పెట్టుకోవాలె!

పొద్దుగాల లేసెసరికి కరెంటు లేదు. కందిలి వెలుతురుల అత్త ఒకటే లొల్లి. "లేవుండ్రి, లేవుండ్రి! సూర్యుడొస్తే నరకానికి పోతరు!" ఆయనను పీట మీద కూసోబెట్టి గిన్నె గుంజుకొని నెత్తికి, చేతులకు, ఈపుకు బాగ రుద్దిన. మంచిగ రుద్దిన! పండుగాయె.

"అబ్బా! మండుతున్నదే! కండ్లల్ల పడ్డది! ఏం కలిపినవే దీంట్ల?"

"కచ్చూరాలు మంచియి దొరికినయ్, గట్లనే ఉంటది. కండ్లు మూసుకోండ్రి."

"కచ్చూరాలు గింత మండుతయా?"

లోపటి నుంచి అత్త, "మండితేనే పాపం పోతదిరా, కదలకు!" అన్నది. ఆయన అమ్మ మాట ఇన్నడు. పండ్లు కొరుక్కొని కూసున్నడు.

ఆయన తల మీద నీళ్ళు పోసి, హారతిచ్చి, రెండో గిన్నె సంచిల పెట్టుకొని, కీర, గాజర్ కోసుకొని, ఆయన సైకిల్ ఎనుక కూసొని స్టేషన్‌కు ఉరికిన. దారి పొడుగునా ఆయన ఒక చేతితోటి మెడ గీకుకుంటనే తొక్కిండు. నేను రోజీతోటి ఏం చెప్పాలెనో అనుకుంటున్న. "రోజీ, నువ్వు పోయినంక నేను గోడ దిక్కు పోవుడే ఇడిసిపెట్టిన" అని చెప్త. "మాట్లాడేటందుకు ఒక్కలు లేరు" అని చెప్త. "నన్ను మరువకు" అని చెప్త. అన్ని వరుసగ పెట్టుకున్న మనసుల.

బండి ఆగంగనే కిటికీలకెళ్ళి చెయ్యి ఊపింది. జుట్టు జర తెల్లవడ్డది. అదే నవ్వు. నేను ఏడ్సుడు మొదలువెట్టిన.

"రోనా బంద్ కరో!" అన్నది ఆమె గూడ ఏడ్సుకుంట.

నేను గిన్నె తీసి ఆమె చేతుల పెట్టిన. "రోజీ, తెల్లది. గుడ్డు లేదు, పాలు లేవు. నేనే కనిపెట్టిన. మనిద్దరి కోసం." పళ్ళెం తీసి సూసింది, కండ్లు తుడుసుకున్నది. ఎనుక వాళ్ళాయన డబుల్ రొట్టె పట్టుకొని ఎదురు సూస్తున్నడు, ఆయనకు గూడ దండిగ రాసిచ్చింది. తను కీర ముక్కకు ఇంత అద్దుకొని నోట్ల పెట్టుకున్నది.

నమిలింది. ఆగింది. నా దిక్కు సూసింది. మళ్ళ నమిలింది, మింగింది.

"ఎట్లున్నది?" అన్న.

"ఫస్ట్ క్లాస్," అన్నది రోజీ. మొఖం కదలలే. "ఇగ నువ్వు. ఒక్క గిన్నెల తినాలె అనుకున్నం గదా." ఇంకో ముక్కకు నిండుగ అద్ది, కిటికీ సందులకెళ్ళి నా నోట్ల పెట్టింది.

నాలుక మీద గంధం తగిలింది. తర్వాత వట్టివేళ్ళు. తర్వాత పచ్చి శనగపిండి అంగిలికి అంటుకున్నది. పడిశమున్న ముక్కు గూడ అప్పుడే తెరుసుకోవాల్నా! ఎనుక గార్డు సాబ్ రొట్టె నోట్ల పెట్టుకొని, మింగాల్నా ఉమ్మాల్నా తెల్వక భార్య దిక్కు సూస్తున్నడు. అప్పుడే ఇంజను కూత వేసింది.

నేను ఏమన్న చెప్పాలె గదా! రోజీ, నువ్వు పోయినంక... అని. నోరు తెరిస్తే నలుగు. మింగుడు పడదు, ఉమ్మ బుద్ధి గాదు, ఆమె చేతితోటి పెట్టింది గదా. బండి కదిలింది. నేను బండి ఎంబడి ఉరికిన, "ఊఁ... ఊఁ..." అనుకుంట. రోజీ కిటికీకి తల ఆనించి, కండ్లల్ల నీళ్ళు కారంగ నవ్వుతనే ఉన్నది, గిన్నెల ఏలు పెట్టి ఇంకింత నాకింది. అందరు వినేటట్టు ఒర్లింది:

"అనసూ! రెసిపీ రాసి పంపియ్!"

గంతే. బండి పోయింది. నా పెండ్లి గిన్నె గూడ పోయింది.

ప్లాట్‌ఫారం మీద నోరు కడుక్కొని ఎనుకకు తిరిగితే మా ఆయన మెడ గీకుకుంట నిలబడ్డడు. దగ్గరికి పోయి ఆయన నెత్తి వాసన సూసిన. నిమ్మకాయ, ఆవాలు, మిరియాలు. నా రెండేండ్ల ఆశ. "ఏందే, అందరి ముందట వాసన సూస్తవ్?" అని ఆయన సిగ్గువడ్డడు. నేను అక్కడనే కూలవడి నవ్విన, నవ్వుకుంటనే ఏడ్సిన. కూలీలు చుట్టు మూగిండ్రు. "కాయ్ ఝాలం బాయీ?" అని, ఏమైందని అడిగిండ్రు. ఏం చెప్పాలె, మొగని నెత్తికి కూర పూసిన అని చెప్పాల్నా?

ఇంటికొస్తే అత్త ఇంకోటి. "ఈ ఏడు నలుగు మెత్తగున్నదే, పోరని ఒళ్ళు సూడు ఎట్ల మెరుస్తున్నదో. వచ్చే పండుగకు గూడ గట్లనే చెయ్యి" అన్నది. అందుకే చెప్తున్న, మెల్లగ నవ్వుండ్రి.

నా తెల్లది ఎట్లుండెనో నాకు ఇప్పటికీ తెల్వదు. మళ్ళ చెయ్యొచ్చు గదా అంటవా వదినా? కుసుమలు ఉన్నయ్. గాని ఎవరితోటి తినాలె? ఒక్కదాన్నే తినేటందుకా గంత కష్టపడ్డది!

నలుగు పిండి మాత్రం డబ్బల జర మిగిలింది. నిన్న పగటీలి వెనుకకు పోయి, గోడ పక్కన కూసొని, ఒక చిటికెడు నాలుక మీద వేసుకున్న. గంధం, వట్టివేళ్ళు. కండ్లు మూసుకుంటే గోడ మీదికెళ్ళి ఒక తలకాయ లేసినట్టే అనిపించింది. కండ్లు తెరిస్తే ఎదురుంగ మా అత్త.

"ఏందే! నలుగు పిండి తింటున్నవా?" అన్నది. జర సేపు నా మొఖం సూసింది, ఏమనుకున్నదో ఏమో, పక్కన కూసొని చెయ్యి చాపింది. "నాకు గూడ ఇంత పెట్టు. ఎన్నో నెల?"