ఆపుకోగలిగిన నవ్వు

మొన్న పొద్దున్న కాఫీ తాగుతూ ఫోన్లో ఎవరో ప్రొఫెసరుగారి ఉపన్యాసం విన్నాను. విశ్వం పుట్టిననాడే ప్రతి అణువు దారీ ఖరారైపోయిందనీ, ఈ పని నేను చేశాను, ఆ పని మానేశాను అనుకోవడం మన భ్రమేననీ ఆయన చెబుతున్నారు. తాడేపల్లిగూడెం కాలేజీలో ముప్ఫై ఏళ్లు ఫిజిక్సు క్లాసులో నేనూ ఇదే చెప్పాను. ఇంట్లోనూ ఒకసారి చెప్పాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ ఊళ్లోనే అక్కా బావల ఇంట్లో ఉండేవాణ్ణి. బావకు కొల్లేటి అంచున చేపల చెరువులుండేవి. మోటారు పాడైనప్పుడల్లా సామాను కోసం స్కూటరు మీద ఏలూరు వెళ్లేవాడు. ఒకరోజు అలాగే గడప దాటబోతుంటే నాకు తుమ్మొచ్చింది, అదీ ఒంటి తుమ్ము. మన ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, మనిషి వెనక్కొచ్చి కూర్చుని కాసిని మంచినీళ్లు తాగి గాని కదలడు. బావ చెప్పులు విప్పబోయాడు, అక్క నీళ్లకోసం లోపలికెళ్లింది. కొత్త లెక్చరర్ని కదా, నా ముక్కులో దుమ్ము మీ ప్రయాణాన్ని ఆపుతుందా బావగారూ అని పగలబడి నవ్వాను. ఆయన సిగ్గుపడి, తనూ నవ్వేసి వెళ్లిపోయాడు. అక్క గ్లాసుతో వచ్చేసరికి స్కూటరు వీధి మలుపు తిరిగింది. ఏలూరు రోడ్డు మీద గుండుగొలను దగ్గర చేపల లారీ గుద్దేసింది. అక్కడికక్కడే పోయాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు అక్క అడిగింది, ఒక్కసారే.

"తుమ్మంటే ఆపుకోలేవురా తమ్ముడూ. నవ్వు ఆపుకోగలిగేవాడివేనా?"

అవునంటే ఆ చావు నా మెడకు చుట్టుకుంటుందని భయమేసింది. తుమ్మైనా నవ్వైనా అణువుల కదలికే అక్కా, ఆ క్షణాన మరోలా జరిగే వీల్లేదు అని క్లాసులో చెప్పినట్టే చెప్పాను. అక్క లేచి కంచం తీసింది.

"అయితే నీ తప్పేం లేదన్నమాట. పోనీలే, అన్నం తిందువుగాని రా."

వడ్డించింది. తిన్నాను. ఏం కూరో కూడా తెలియలేదు. తలరాత అన్న చుట్టాలను చూసి అప్పట్లో లోలోపల నవ్వుకున్నాను గానీ, నేనన్నదీ అదే.

ఆ తర్వాత అక్క ప్రతి పండక్కీ పిలిచింది, ఏటా ఆవకాయ పంపింది, ఒక్క మాట తూలలేదు. నేనూ వెళ్లేవాణ్ణి, కూర్చునేవాణ్ణి, వచ్చేవాణ్ణి.

ఇప్పుడా రోడ్డు బాగా వెడల్పైంది, కారులో గుండుగొలను ఎప్పుడు దాటామో తెలియదు. అక్క పోయి రెండేళ్లు. నాకు ఏడుపు రాలేదు, ఇప్పటికీ రాదు. ఆ పాఠం అబద్ధమని నేననను, నిజమేనేమో. కానీ ఆ రోజు, ఆపుకోగలిగేవాణ్ణే అక్కా అని ఉంటే నన్ను తిట్టేది, కొట్టేది, ఎప్పటికో క్షమించేది. తప్పే లేదన్నవాణ్ణి ఎవరు మాత్రం ఏమని క్షమిస్తారు?