సమాచారం ఇచ్చినవారు: తండ్రి

వరంగల్ మట్టెవాడలో ఒక బట్టల దుకాణం పై అంతస్తులో మా ఆఫీసు. అమెరికాలోని ఒక కౌంటీ పాత రిజిస్టర్ల ఫోటోలు మా కంప్యూటర్లకు వచ్చేవి. ఆ చేతిరాత చూసి మేం టైపు చేయాలి. కౌంటీ పేరు బయట చెప్పబోమని చేరిన రోజే సంతకం పెట్టాం. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదేనని నాకు మొదట చెప్పింది పక్క సీటులో కూర్చునే ఆపా. ఉర్దూలో అక్క అని, అందరం అలాగే పిలిచేవాళ్లం. నాకంటే పదేళ్లు పెద్ద. ఆ పనిలో నాలుగేళ్ల ముందు నుంచే ఉంది.

ఒక అట్టముక్క మీద ఆపా ఆ కౌంటీ పటం గీసుకుంది. దక్షిణాన నది. నది పక్కదంతా పల్లపు నేల, వరదొస్తే మునిగేది. ఉత్తరాన మొక్కజొన్న చేలు. గళ్లు గీసినట్టు పదహారు టౌన్‌షిప్‌లు, మన మండలాల్లాగా. నట్టనడుమ కోర్టుహౌసు, అంటే ఈ రిజిస్టర్లు రాసే కౌంటీ ఆఫీసు, ఉన్న ఊరు. మొదట ముఖ్యపట్టణం నది ఒడ్డున ఉండేదట. రైలు పట్టాలు వేరే దారిన పడ్డాక లోపలికి మార్చారు. అంతకుముందైతే ఆ కౌంటీయే లేదు. పక్కనున్న పెద్ద కౌంటీని కోసి దీన్ని చేశారు. అందుకే ఆ ఊళ్ల మొదటి కొన్నేళ్ల కాగితాలు ఈ పుస్తకాల్లో దొరకవు. అక్కడ మన కలెక్టరు లాంటివాడు ఉండడు. పాలన చూసే ముగ్గురు కమిషనర్లను, షెరీఫు అనే పోలీసు అధికారిని, చివరికి ఈ రిజిస్టర్లు చూసుకునే క్లర్కును కూడా జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు.

"మన జిల్లాను గూడ గిట్లనే కోసిండ్రు గదనే," అంది ఆపా ఒకరోజు. "స్టేషన్ ఘన్‌పూర్‌ల మా అక్క నిన్నమొన్నటిదాక వరంగల్ మనిషి, ఇప్పుడు జనగామ మనిషైంది. ఇల్లు మాత్రం ఉన్నకాడనే ఉన్నది."

మా అత్తగారి ఊరు మరిపెడ దగ్గర. అది మహబూబాబాద్ జిల్లాలోకి పోయింది.

ఒక మధ్యాహ్నం నాకు మరణాల రిజిస్టరులోని ఒక పేజీ వచ్చింది. వందేళ్లు దాటిన రాత. పేరు గడిలో 'పేరు పెట్టలేదు, ఆడశిశువు' అని ఉంది. వయసు రెండు రోజులు. చివరి గడిలో, సమాచారం ఇచ్చినవారు: తండ్రి, రైతు. టౌన్‌షిప్ పేరు చూసి ఆపా పటంలో వెతికాను. వాయవ్య మూలన ఉంది. కోర్టుహౌసుకు పదిహేను మైళ్లకు తక్కువ ఉండదు. నెల చూస్తే జనవరి. అంత మంచులో ఆ తండ్రి అంత దూరం వచ్చి, రెండు రోజులు బతికిన బిడ్డ సంగతి చెప్పి, రాయించి వెళ్లాడు.

నా వేళ్లు ఆగిపోయాయి.

నాకూ మొదట ఆడపిల్లే. ఎనిమిదో నెలలోనే, అత్తగారింట్లో, దవాఖానకు బయలుదేరేలోపే పుట్టింది. రెండు రోజులు బతికింది. మూడోనాడు పొద్దున కళ్లు తెరిచేసరికి నా పక్కన లేదు. "మర్సిపో బిడ్డా, మల్ల పుడ్తరు," అంది మా అత్త. తర్వాత కొడుకు పుట్టాడు, ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. కానీ ఈ పంతొమ్మిదేళ్లలో మా ఇంట్లో ఆ పిల్ల మాట ఎవరూ ఎత్తలేదు.

"ఏమైందే? కండ్లల్ల నీళ్లేంది?" అంటూ ఆపా తన కుర్చీని నా దగ్గరికి జరుపుకుంది. చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"మీ ఊర్ల గూడ రాసే ఉంటరు. ఒకపారి పొయ్యి చూడు," అంది. "గా రాత కండ్లజూస్తె మనసు జర కుదుటపడ్తది."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి అత్తగారి ఊరికి వెళ్లాను. పంచాయతీ కార్యదర్శి చిన్న వయసు అమ్మాయి. ఓపిగ్గా పాత రిజిస్టరు వెతికి తీసింది. దాని మీద ఇంకా వరంగల్ జిల్లా అనే ఉంది. ఆ ఏడాది పేజీలు రెండుసార్లు తిప్పింది. పుట్టుకల్లో లేదు. మరణాల్లో లేదు.

"ఇంట్లోళ్లు వచ్చి చెప్తెనే రాస్తరక్కా. ఎవ్వలు రాలేదేమో," అంది మెల్లగా. ఇప్పుడు రాయించాలంటే పై అధికారి ఉత్తర్వు కావాలని, సాక్ష్యం కావాలని చెప్పింది. నా దగ్గర సాక్ష్యం ఏముంది? పాలు ఇంకిపోవడానికి నాకు కట్టిన గుడ్డ కూడా అప్పుడే పారేశారు.

సాయంత్రం మా ఆయన ఆటో వాకిట్లో పెట్టి చాయ్ తాగడానికి వచ్చాడు. ఇక ఆపుకోలేకపోయాను.

"ఒక్క మాట పొయ్యి రాపియ్యకపోతివి. నీకు అది బిడ్డ గాదా?"

అతను గ్లాసు కింద పెట్టాడు.

"పోయిన," అన్నాడు. "పంచాయతీ ఆఫీసు మెట్లదాక పోయిన. లోపలికి పోతె పేరేందని అడుగుతరు. ఏం జెప్పాలె? మనం పెట్టనే లేకపోతిమి. జరసేపు ఆడనే నిలవడి, వాపస్ వచ్చిన."

పంతొమ్మిదేళ్లుగా అడగని మాట అప్పుడు అడిగాను. "యాడ పెట్టినవ్?"

"మన చెలక భూమి అవతల, తుమ్మచెట్టు కింద. నేనే తవ్విన. నా తువ్వాలల సుట్టి పెట్టిన." గ్లాసును పక్కకు జరిపాడు. "ఏడాదికోపారి పొయ్యొస్తుంటి. రోడ్డు పెద్దగ జేసినప్పుడు గా జాగ రోడ్డు కిందికి వోయింది. నీకెట్ల జెప్పాలె?"

ఆ పొద్దున బస్సులో నేను ఆ రోడ్డు మీదుగానే వెళ్లి వచ్చాను.

ఇన్నేళ్లూ అతనికి పట్టలేదనుకున్నాను. నేను గుర్తుచేసుకోవడం లేదని అతను అనుకున్నాడట. గోడకు ఆనుకుని అతని పక్కనే కూలబడ్డాను. మేమిద్దరం కలిసి ఆ బిడ్డ కోసం ఏడ్చింది అదే మొదటిసారి.

కొడుకు ట్యూషన్ నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఏమైంది బాపూ?"

"నీకొక అక్క ఉండె బిడ్డా," అన్నాడు మా ఆయన. కాస్త జరిగి, మా ఇద్దరి నడుమ వాడికి చోటిచ్చాడు.