ఆర్లిస్ కోయించిన రివాల్వర్

ఆర్లిస్ బ్రెక్కెకి కుడిచేతి బొటనవేలు లేదు. దూడ మీదికి తాడు విసిరి, ఆ తాడుని గుర్రం జీను ముందుండే కొమ్ముకి చుడుతుండగా వేలు మధ్యలో ఇరుక్కుని తెగిపోయింది. మొంటానాలో మా వైపు పశువులు మేపేవాళ్లలో ఇలాంటి చేతులు చాలానే కనిపిస్తాయి. వేలు ఏమైందని పిల్లలు అడిగితే, "దూడని అడగండి, నాకంటే దానికే బాగా తెలుసు" అనేవాడు.

నేను తుపాకులు బాగుచేస్తాను. ఆర్లిస్‌వి ఎప్పుడూ తుప్పు పట్టిన రైఫిళ్లే. అలాంటివాడు అక్టోబరులో ఒకరోజు పాత రివాల్వర్ ఒకటి మెత్తటి గుడ్డలో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"పిడి విప్పి చూడు డెల్" అన్నాడు.

విప్పాను. చెక్క కింద ఉక్కు మీద, పశువుల ఒంటి మీద గుర్తుగా కాల్చే ముద్ర ఒకటి గీసి ఉంది. అది అతని భార్య నేడీన్ పుట్టింటివాళ్ల ముద్ర. ఆమె తండ్రి షెరిఫ్ దగ్గర పనిచేసే రోజుల్లో ఆ రివాల్వర్ నడుముకి కట్టుకునేవాడు. కరువొచ్చిన ఏడాది పశువులకి గడ్డి లేక దాన్ని అమ్మేశాడు. దాని కోసం నేడీన్ ఎక్కడ వేలం జరిగినా వెళ్లి తుపాకుల బల్ల దగ్గర నిలబడేది. దొరక్కుండానే, రెండేళ్ల కిందట కేన్సర్‌తో పోయింది. ఇప్పుడు హేగెన్ అనే ముసలాయన పోతే ఆయన సామాను వేలం వేశారు. అందులో దొరికింది ఆర్లిస్‌కి.

"ఆమె ఉంటే ఇవాళ ఈ బజారంతా డాన్స్ చేసేది" అన్నాడు. నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు.

వేలంలో అతనితో పోటీపడిన రస్క్ అనే పాత తుపాకుల వ్యాపారి కూడా వెనకాలే వచ్చాడు. "నీలిరంగు పూత చెక్కుచెదరలేదు. ఒక్క మర కూడా మార్చలేదు. పెద్దాయనా, దయచేసి దీని మీద ఆకురాయి పడనివ్వకండి. పడితే ఇది పాత ఇనుమే" అన్నాడు. ఆ మాట నేనూ ఒప్పుకున్నాను. అంత శుభ్రంగా చేసిన పని ఈ రోజుల్లో కనిపించదు.

వారం తిరక్కుండా ఆర్లిస్ మళ్లీ వచ్చాడు.

"ట్రిగ్గర్‌కి అడ్డంగా ముందున్న ఈ ఇనప వంపు కోసెయ్. రెండు వేళ్లు పట్టాలి."

"నీకు మతి పోయిందా?"

"పెప్పర్ గడ్డి నమల్లేకపోతోంది డెల్. ఉండలు కట్టి నోట్లోంచి పడేస్తోంది."

పెప్పర్ నేడీన్ గుర్రం. పళ్లు అరిగిపోయాయి. చలికాలం దాటదు. ఇలాంటి ముసలి గుర్రాన్ని మా దగ్గర నేల గడ్డకట్టకముందే, గొయ్యి తవ్వగలిగినప్పుడే కాల్చి పంపేస్తారు. పెంచినవాళ్లే ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చేత్తో ఆ పని చేస్తారు. ఆ రోజు వస్తే పరాయివాళ్లకి అప్పగించనని ఆర్లిస్ నేడీన్‌కి మాటిచ్చాడు.

రైఫిల్‌కి రెండు చేతులూ కావాలి. ఎడమచేత్తో అతనికి గురి కుదరదు. కుడిచేతికి బొటనవేలు లేక రివాల్వర్ వెనకుండే సుత్తిని లాగలేడు. లాగకుండా కాల్చాలంటే ట్రిగ్గర్ చాలా బరువు. కీళ్లనొప్పులున్న ఒక్క వేలికి అది కదలదు. రెండో వేలు ఆ వంపులో పట్టదు.

"స్ప్రింగు పలచన చేస్తే?" అన్నాను నాలో నేను అనుకున్నట్టు. వెంటనే నేనే కాదన్నాను. "ఒద్దు. సుత్తి దెబ్బ చాలక ఒక్కోసారి తూటా పేలదు. టిక్కుమని ఊరుకుంటుంది."

"టిక్కుమంటే అది తలెత్తి నా మొహంలోకి చూస్తుంది. అది నావల్ల కాదు."

"నా సొరుగులో పనికిమాలిన రివాల్వర్ ఒకటి పడుంది. దాన్ని కోద్దాం. ఇది దాచుకో. నేడీన్ జీవితమంతా వెతికింది దీన్నే కదయ్యా!"

అతను ఆ పిడిని అరచేత్తో నిమిరాడు.

"పెప్పర్‌ని ఇంటివాళ్లే పంపాలి. ఆమె ఇంటి తరఫున మిగిలింది ఇదొక్కటే."

"కోశాక మళ్లీ అతకదు. ఎవరూ అతకలేరు."

"తెలుసు."

కోయాల్సిన చోట గీత గీసిచ్చాను. ఇంటికి తీసుకెళ్లి ఒక రోజు చూసుకోమన్నాను. మర్నాడు మధ్యాహ్నం తెచ్చి బల్ల మీద పెట్టాడు. రాత్రంతా వంటింటి బల్ల మీద ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడట. కాఫీ ఇస్తానంటే వద్దన్నాడు.

బల్లకున్న వైసు పట్టులో తోలుముక్కలు అడ్డం పెట్టి రివాల్వర్‌ని బిగించి, సన్నపళ్ల రంపంతో కోశాను. పాత ఉక్కు మెత్తగా, తెల్లగా తెగింది. ఆర్లిస్ పక్కనే నిలబడి కడదాకా చూశాడు. అంచులు గుండ్రంగా అరగదీసి చేతికిచ్చాను. ఖాళీ రివాల్వర్‌ని చివరి రెండు వేళ్లతో ఒడిసిపట్టి, మిగతా రెండు వేళ్లు ట్రిగ్గర్ మీద వేసి లాగాడు. సుత్తి సాఫీగా పడింది. తల ఊపాడు.

ఆ శనివారం నా ట్రాక్టర్‌తో గొయ్యి తవ్విపెట్టి, కంచె అవతలికి వెళ్లిపోయాను. అతను పెప్పర్‌ని నడిపించుకొచ్చాడు. చెవి దగ్గర ఏదో చెప్తున్నాడు. నాకు వినపడలేదు, వినాలనీ అనుకోలేదు. ఒకే చప్పుడు. గుర్రం ముందుకాళ్ల మీద ఒరిగింది. తాడు బిగుసుకుని అతన్ని కూడా మోకాళ్ల మీదికి లాగింది. అయినా వదల్లేదు.

నేను దగ్గరికెళ్లేసరికి అలాగే ఉన్నాడు.

"అయిపోయింది ఆర్లిస్."

"రెండింటినీ పోగొట్టాను డెల్. నేడీన్ గుర్రాన్నీ, వాళ్ల నాన్న వస్తువునీ."

"మాట నిలబెట్టుకున్నావు కదా."

"నిలబెట్టుకున్నాను. చెప్దామంటే మనిషి లేదు."

సోమవారం ఆ రివాల్వర్ శుభ్రం చెయ్యమని తెచ్చాడు. కోసిన చోట ఉక్కు తెల్లగా మెరుస్తోంది. మిగతాదానికి సరిపోయేలా నీలిరంగు కలపబోయాను. ఆర్లిస్ నా చేయి పట్టుకున్నాడు.

"రంగొద్దు. అలాగే కనపడనీ."

"పూత లేకపోతే తుప్పు పడుతుంది."

"నూనె రాస్తాను. నాకు వేరే పనేముంది?"

రంగు సీసా మూత పెట్టేశాను. గుడ్డకి నూనె తడిపి అతని చేతికిచ్చాను. కిటికీ వెలుగులో కూర్చుని, కోత మీద మాత్రమే, ఒక్కొక్క అంచుకీ నూనె రాసుకుంటూ పోయాడు. షాపు కట్టేసే వేళయినా లెమ్మనలేకపోయాను.