సగంలో లైట్లు వేసిన సినిమా

మా పక్కింటావిడ పోయిన మంగళవారం కన్నుమూశారు. ఆవిడ కూతురు ఫోన్ చేసి చెప్పింది. కెనడాలో మా ఊరు విండ్సర్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ కబురు పెట్టాను. కళ్ళద్దాలు తుడుచుకునేలోగా చేతులు జోడించిన బొమ్మలు వరసగా దిగాయి. పుట్టినరోజులకు కేకు బొమ్మలు దిగే వేగమే అది. మా తెలుగు సంఘం అధ్యక్షులవారు వెంటనే ఫోన్ చేశారు.

"మన హాల్లో సంతాప సభ పెడదామండీ. సాయంత్రమంతా మనదే, టైముకి ఢోకా లేదు."

ఆ చివరి మాటకు నాకు ఒళ్ళు మండింది. ఎందుకో చెప్పాలంటే ఆవిడ గురించి చెప్పాలి.

ఆవిడ పాలస్తీనా మనిషి. ఇక్కడి బడిలో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఏటా ఆకులు రాలే రోజుల్లో పాలస్తీనా సినిమాల పండగ జరిపేవారు. పండగంటే ఎర్ర తివాచీలు అనుకునేరు. ఒక లైబ్రరీ హాలు, మడత కుర్చీలు, ఇంట్లో చేసుకొచ్చిన నువ్వుల బిస్కెట్లు, అంతే. నేను గుంటూరులో రాజనీతి శాస్త్రం చెప్పిన మామూలు లెక్చరర్ని. ఆవిడ మాత్రం ప్రొఫెసర్ అనే పిలిచేవారు. మా యాజమాన్యం ఇవ్వని ప్రమోషన్ కంచె అవతలి నుంచి వస్తే నేను కాదంటానా?

సినిమా నడుస్తుండగా ఎవరైనా ఫోన్ తీస్తే ఆవిడ వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చునేవారు. ఫోను దానంతటదే జేబులోకి పోయేది. "లాప్‌టాప్‌లో ఒక్కరే చూస్తే అది తొంగిచూడటం. పక్కన పదిమంది ఊపిరి వినబడితేనే చూడటం" అనేవారు.

అప్పట్లో ఈ ఊళ్ళో ఏ బేస్‌మెంట్ చూసినా మన కాలేజీ పిల్లలే. మా ఇంటి కింద అద్దెకున్న పిల్లలను పండగ పనులకు ఆవిడే పిలుచుకున్నారు. వాళ్ళలో కరీంనగర్ పిల్ల ఒకతె ముందే నా చెవిన వేసింది.

"కుర్చీలేస్తం ఆంటీ. ఫొటోలు మాత్రం వద్దని చెప్పుండ్రి. రేపు ఇక్కడనే ఉండెటందుకు పీఆర్ అప్లై చేసుకోవాలె."

నేను ఇంగ్లీషులో చెబితే ఆవిడ నవ్వి, "పర్వాలేదు, మా సినిమాల్లోనూ సగంమంది మొహాలు దాచుకునే ఉంటారు" అన్నారు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు.

పోయిన ఏడాది డాక్టర్లు ఇక మందులు పనిచేయవని చెప్పేశారు. తనకు అదే చివరి పండగని ఆవిడకు తెలుసు. ఆవిడ చెల్లెలి కూతురు తీసిన మొదటి సినిమా అప్పుడే వచ్చింది. దాన్ని హాల్లో, జనం మధ్య కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా చూడాలి. ఆవిడ అడిగింది అంతే. సరిగ్గా ఆ ఏడే లైబ్రరీ వాళ్ళు భద్రతా కారణాలంటూ హాలు ఇవ్వలేదు. నేను మా సంఘాన్ని అడిగాను.

"రాజకీయాలేం ఉండవు కదండీ?" అన్నారు అధ్యక్షులవారు.

"మనుషులుంటారండీ. అభ్యంతరమా?"

"అబ్బే, సరదాకి అడిగాను. మన తరఫున చిన్న ఫార్మాలిటీ, పది నిమిషాలు పెట్టుకుంటాం."

మనవాళ్ళ పది నిమిషాల సంగతి మీకు చెప్పక్కర్లేదు. జ్యోతి ప్రజ్వలనకు నిప్పు వెలిగిస్తే అలారం మోగుతుందని బ్యాటరీ దీపం తెచ్చారు. దాని మీటను ఒక్కొక్క పెద్దమనిషీ పేరుపేరునా నొక్కారు. ముఖ్య అతిథి ఇళ్ళ అమ్మకాల ఏజెంటు. మన తెలుగు సినిమా వైభవం గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ వడ్డీ రేట్లలోకి దిగిపోయారు. ఆవిడకు శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు, ఫొటో సరిగా రాలేదని మళ్ళీ ఇచ్చారు. ఆవిడ ఒక చేత్తో కుర్చీ పట్టుకుని నిలబడే ఉన్నారు.

చివరికి సినిమా మొదలైంది. ఊరు ఖాళీ అయ్యేనాటికి ఎవరూ వచ్చి తీసుకెళ్ళని పెళ్ళి ఫొటోలు పెట్టెలో మోసుకుంటూ, ఆ మనుషుల్ని వెతుక్కుంటూ తిరిగే ముసలి ఫొటోగ్రాఫర్ కథ. పెట్టెలో ఒక్క ఫొటో మిగిలింది. ఆయన ఎవరిదో తలుపు తట్టాడు. హాల్లో లైట్లు వెలిగాయి. తర్వాతి బుకింగ్ పుట్టినరోజు పార్టీదట. బెలూన్లవాళ్ళు లోపలికి వచ్చేశారు.

"మిగతాది లింక్ పంపించమనండి, ఇళ్ళకెళ్ళి చూసుకుంటాం" అన్నారు అధ్యక్షులవారు, ఎంతో వీలు చూపించినట్టు.

"వాళ్ళని పది నిమిషాలు ఆగమనండి, మీకు అలవాటేగా" అన్నాను. ఆయనకు అది వినబడలేదు. మైకులో చెప్పలేదు కదా.

ఆవిడ అందరికీ థాంక్స్ చెప్పి బయటికొచ్చారు. మళ్ళీ హాలు కుదిరేలోపే ఆస్పత్రిలో చేరారు. కూతురు మంచం దగ్గరికి లాప్‌టాప్ తెస్తే వద్దన్నారట. ఇప్పుడు సాయంత్రమంతా ఇస్తామంటున్న సభకు నేను వెళ్ళడం లేదు.

నాకు ఆ హాలు కంటే దాని పార్కింగ్ లాటే ఎక్కువ గుర్తు. ఆ రోజు నది మీద నుంచి చలిగాలి కొడుతోంది. నేను కారు తలుపు తీసి పట్టుకున్నాను. కరీంనగర్ పిల్ల పరుగెత్తుకొచ్చి ఆవిడను ఇంగ్లీషులో అడిగింది: "ఆంటీ, ఆ ఆఖరి ఫొటో ఎవరిది?"

ఆవిడకు కథ తెలుసు; తీయకముందే చెల్లెలి కూతురు ఫోన్లో చెప్పిందట. కారెక్కబోయినవారు కాస్తా ఆగి, సినిమా ఆగిన చోటు నుంచి చెప్పడం మొదలుపెట్టారు. మిగతా పిల్లలూ చుట్టూ చేరారు. లోపల పార్టీ పాటలు మొదలైతే గొంతు పెంచారు. నడుము వంచి ఆ ముసలాయనలా నడిచారు, గాలిలో తలుపు తట్టారు, లేని పెట్టె మూత తీశారు. లేని ఫొటో దుమ్ము కొంగుతో తుడిచినట్టు కోటు అంచుతో తుడిచి, రెండు చేతులా ముందుకు చాచారు. ఎదురుగా ఉన్న ఆ పిల్ల, గ్లవ్స్ తీసేసి, అందుకోవడానికి రెండు చేతులూ పట్టింది.