అల్లుడి కాళ్లు కడిగే లోపల

మనిషి శరీరంలో నాకు పడని భాగం ఒకటే, పాదం. ముఖానికి సబ్బులున్నాయి, జుట్టుకి నూనెలున్నాయి. పాదాల్ని మాత్రం స్నానం చివర ఒకదానితో ఒకటి రాపాడించి, అయిపోయిందనుకుని బయటికొచ్చే జాతి మనది. ఫంక్షన్ హాలు మెట్ల దగ్గర విడిచిన చెప్పుల గుట్ట దాటాల్సి వస్తే నేను ఊపిరి బిగబట్టి ఈతగాడిలా అవతలి ఒడ్డున తేలతాను. బస్సులో వెనక సీటాయన నా మోచేతి పక్కకి బొటనవేలు చాపాడని, తడ దాకా టికెట్టున్నా సగం దారి కూడా రాకముందే మనుబోలులో దిగిపోయినవాణ్ణి.

అలాంటి నాకు ఆడపిల్ల పుట్టింది. పెళ్లిలో కన్యాదానం వేళ అల్లుడి కాళ్లు పళ్లెంలో పెట్టించి, మామ తన చేతుల్తో కడగాలి. కడిగిన నీళ్లు తన నెత్తిన చల్లుకోవాలి. ఈ సంగతి నాకు ముందే తెలుసు. ఆ కాళ్లు ఎవరివో తెలియదు కాబట్టి ఇన్నేళ్లు కంటి నిండా నిద్రపోయాను.

నిశ్చితార్థం నాడు ఆ కాళ్లు మా ఇంటికి నడిచొచ్చాయి.

అబ్బాయి బంగారం. కొడవలూరు దాటి సముద్రం వైపు పోతే వాళ్ల రొయ్యల గుంటలున్నాయి. తండ్రి లేడు, తల్లీ కొడుకూ కలిసి సాగు చేసుకుంటారు. మా అమ్మాయి ఇష్టపడింది, మాకూ నచ్చాడు. గడప దగ్గర బూట్లు విప్పాడు. తర్వాత సాక్సు విప్పాడు. నా కళ్ల ముందు మడమలు. ఆ పగుళ్లలో గట్లు వేసి వరి నాటుకోవచ్చు, నీరు పెట్టడానికి కాలవ కూడా ఉంది. వేళ్ల సందులో చర్మం నాని, తెల్లగా ఉబ్బి, పాలు విరిగిన గిన్నె అడుగులా ఉంది. బొటనవేలి గోరుది పసుపూ కాదు, నలుపూ కాదు. ఆ రంగుకి పేరు పెట్టేంత ధైర్యం ఇంతవరకూ ఎవరికీ కలగలేదు. పొద్దస్తమానం బురద, సున్నం, బ్లీచింగు, ఉప్పునీళ్లు. మరెలా ఉంటాయి? న్యాయంగా ఆలోచిస్తే తప్పు కాళ్లది కాదు. కానీ నా కడుపుకి న్యాయం తెలియదు. మా ఆవిడ సేమియా పాయసం తెచ్చి పెడితే గిన్నెలోకి చూసి పక్కకి జరిపాను.

అబ్బాయి తల్లి నా పక్కనే కూర్చుని ఉంది. "మా వోడిది బురద పని అని రెండు సంబంధాలు తిరిగిపోయినాయన్నా. మీరు ఆ మాటే ఎత్తలా. మీది పెద్ద మనసు," అంది. నా పెద్ద మనసు అప్పటికే గొంతు దాకా వచ్చి ఉంది.

వాళ్లటు వెళ్లగానే మా అమ్మాయి నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది.

"నాన్నా, పెళ్లిలో ఆయన కాళ్లు కడిగేటప్పుడు ఆ ముఖం పెట్టబాక. అత్త ఎదురుగానే ఉంటది. ఆమె చూసిందంటే జన్మలో మర్చిపోదు. పైగా లైవ్ పెడతా ఉండారు."

"ఏ ముఖం?"

"ఇదిగో, ఇప్పుడు పెట్టినావే, అది."

మా ఆవిడ అందుకుంది. "ఈయన ముఖం ఈయన చేతిలో ఉంటే మనకీ బాధే లేదు. ఆ పిల్లోడి కాళ్లనే బాగుచేద్దాం."

అలా మొదలైంది పాదసేవ. గోరువెచ్చని నీళ్లలో గుప్పెడు ఉప్పు, నిమ్మచెక్క. అందులో కాళ్లు నానేసి, రాయితో రుద్ది, ఆముదం పట్టించి, సాక్సు తొడుక్కుని పడుకోవాలని మా ఆవిడ ఫోనులో పాఠం చెప్పింది. కొన్నాళ్లకి అల్లుడు వీడియో కాల్ చేశాడు. ఫోను తెర నిండా పాదం.

"అత్త చెప్పినట్టే చేస్తా ఉండా మామా. రాత్రి మెత్తబడతాది. తెల్లారి మళ్లీ గుంటలో దిగితే మామూలే. చూడండి, వేలి సందు కూడా చూపిస్తా."

"వద్దు అల్లుడూ, నమ్మకం ఉంది," అన్నాను. తర్వాత ఫోనుని స్పిరిట్టుతో తుడిచాను, ముందు వైపే కాదు, వెనక వైపు కూడా.

ఇక లాభం లేదని, పెళ్లి దగ్గర పడుతుండగా అల్లుణ్ణి నెల్లూరులో ఒక బ్యూటీ పార్లర్‌కి తీసుకుపోయాను. మేడ మీద ఏసీ గది, సంపెంగ వాసన. ఆ వాసన కింద ఇంకో వాసన, దాని కింద మరొకటి. మూడో దాని దాకా నేను వెళ్లలేదు. ముందు చేపల తొట్టిలో కాళ్లు పెట్టాలట. అవి చచ్చిన చర్మం కొరికి తినేస్తాయి, ఆ తర్వాత పెడిక్యూర్. నెల్లూరోళ్లం తరతరాలుగా చేపల్ని తిన్నాం. పాపం పండింది, ఇప్పుడు చేపలు మమ్మల్ని తింటున్నాయి. తొట్టిలో తెల్లగా ఏవో తేలుతున్నాయి. చేపల మేత అనుకున్నాను. కాదు, మా కంటే ముందు వచ్చినవాళ్లు.

"మీరు కూడా పెట్టండి సార్," అంది పార్లరావిడ.

"నా కాళ్లు నేను కన్నతల్లికే చూపించలేదమ్మా."

అల్లుడు మాత్రం కాళ్లు పెట్టకుండా వంగి తొట్టి కేసి చూస్తున్నాడు. "చేపలు పైకొచ్చి నోళ్లు తెరస్తా ఉండాయి మామా. నీళ్లు బాగలేవు," అన్నాడు.

అని, నేను చూస్తుండగానే మూడు వేళ్లు ఆ నీళ్లలో ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

గుంటలు చేసేవాళ్ల అలవాటది. నీళ్లలో ఉప్పు ఎంతుందో ముందు నాలుకతో చూస్తారు, మీటర్లు తర్వాత. నీళ్లు కనబడితే చెయ్యి దానంతటదే పోతుంది. ఆ నీళ్లలో పొద్దుటి నుంచి నెల్లూరు జిల్లా మడమలన్నీ నానిన సంగతి చెయ్యికేం తెలుసు? అల్లుడు రెండుసార్లు చప్పరించి, "చప్పగా ఉండాది," అన్నాడు.

పార్లరావిడ చేతిలో తువ్వాలు జారిపోయింది. "అయ్యో సార్, అది తాగేది కాదు!"

"తాగలేదక్కా, చూసినా."

నేను అప్పటికే బయట వరండాలో ఉన్నాను. కమ్మీలు పట్టుకుని, కింద పోయే ఆటోలు లెక్కపెట్టుకున్నాను.

తిరిగొచ్చేసరికి ఆవిడ బ్లేడుతో మడమ చెక్కుతోంది. కింద పళ్లెంలోకి కొబ్బరి తురుము రాలుతోంది. ఇంట్లో చాలా రోజులు కొబ్బరిపచ్చడి వద్దన్నాను, కారణం చెప్పలేదు. ఇంకొంచెం తియ్యమ్మా, ఇంకొంచెం తియ్యి అని నేనే పక్కన నిలబడి ఎగదోశాను. చివరికి పుట్టిన బిడ్డ పాదాల్లాంటివి గులాబీ రంగులో బయటపడ్డాయి. ఆనందం పట్టలేక ముట్టుకోబోయాను. ముట్టుకోలేదు.

మెట్లు దిగుతుంటే అల్లుడు మడమ ఎత్తి ఎత్తి వేస్తున్నాడు. "నేల గుచ్చుకుంటా ఉండాది మామా."

పెళ్లి రెండు రోజుల్లో ఉందనగా వాళ్లమ్మ ఫోన్ చేసింది. గుంటలో నీళ్లకి గాలి పట్టించే చక్రం ఆగిపోతే అల్లుడు ఎప్పటిలాగే దిగాడట. అడుగున నత్తగుల్ల తగిలి మడమ తెగింది.

"ఏం చేయించినారన్నా మా వోడి కాళ్లకి? నడక వచ్చినప్పట్నించి గుల్లల మీద పరిగెత్తిన కాళ్లు. పైతోలంతా తీసేస్తే ఏం మిగిలింది? సూది మందు వేయించి కట్టు కట్టించినా."

"పెళ్లికొడుకు కదమ్మా, మర్యాదగా ఉంటుందని..."

"ఎవురికి మర్యాదన్నా?" అంది. తర్వాత, "సరేలే, ముహూర్తానికి నడస్తాడు," అని పెట్టేసింది.

మా ఆవిడ నా ముఖం కేసి చూసి, "ఇంక మీరు ముక్కు కొంచెం ముడిచినా అంతే," అంది.

కన్యాదానం వేళ వచ్చింది. తెర అవతల అమ్మాయి. తెర ఇవతల పీట మీద అల్లుడు, అతని భుజం వెనకే తల్లి. నా ముందు ఇత్తడి పళ్లెం. అల్లుడు కట్టు విప్పి కాలు పెట్టాడు. మడమ ఉబ్బి, తెగిన చోట పసుపు, దాని మీద గోధుమ రంగు ఆయింట్‌మెంట్, దాని చుట్టూ కట్టు ఊడినప్పుడు అంటుకున్న దూది. గులాబీ రంగు ఎటు పోయిందో. వేళ్ల సందులో మళ్లీ అదే విరిగిన పాలు.

మా ఆవిడ చెంబు వంచింది. నేను ఊపిరి బిగబట్టి రెండు చేతుల్తో పాదం పట్టుకున్నాను. వేడిగా ఉంది. వేళ్లు ముడుచుకున్నాయి.

"మెల్లగా మామా," అన్నాడు పళ్ల బిగువున.

నీళ్లు పసుపుగా మారి, పైన నూనె తెట్టు కట్టి, దాని మీద చిన్న తోలు ముక్క ఒకటి పడవలా తిరిగింది. దవడ బిగుసుకుంది, పెదవులు వంకర పోయాయి, కళ్లలో నీళ్లు నిండాయి. ఇదే ఆ ముఖం. ఆపడానికి లేదు. తల ఎత్తాను. తల్లి నన్నే చూస్తోంది. తెర పైనుంచి మా అమ్మాయి కళ్లు కూడా తేలాయి.

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కనామెని మోచేత్తో పొడిచి, "చూడు, అన్న ఎట్టా ఏడస్తా ఉండాడో. మా వోడి దెబ్బ చూసి," అంది. ఆమె కళ్లూ నిండాయి.

దేవుడున్నాడు. ఆ ఊపులోనే కళ్లు మూసుకుని, పళ్లెంలో వేళ్లు ముంచి నెత్తిన చల్లేసుకున్నాను. అయిపోయింది.

"సార్ సార్!" వీడియో ఆయన అరిచాడు. "అయ్యవారి చెయ్యి అడ్డమొచ్చింది. కడిగేది, చల్లుకునేది ఇంకొక్కసారి. ఇందాక ఏడ్చినారే, అట్నే ఏడవండి."

అయ్యవారు మంత్రం ఆపి, పంచె సర్దుకుని పక్కకి జరిగారు. అల్లుడు పాపం నా కేసి చూసి, పళ్లు బిగించి మళ్లీ కాలు పెట్టాడు. ఈసారి గాయం తగలకుండా కింద నుంచి అరచేత్తో పట్టుకున్నాను. మా ఆవిడ చెంబు వంచింది. కడిగాను. ఆ తోలు ముక్క ఇంకా ఉంది. కెమెరాలో బాగా కనబడాలి కాబట్టి ఈసారి నీళ్లు నిండుగా తీసుకుని చల్లుకున్నాను.

ఒక చుక్క నుదుటి మీద నుంచి ముక్కు దాకా వచ్చి, అక్కడ ఆలోచించుకుని, పై పెదవి మీద ఆగింది. తల్లి చూస్తోంది, కళ్లొత్తుకుంటూ, నవ్వుతూ. నేనూ నోరు గట్టిగా మూసుకుని ఆమె వైపు నవ్వాను. తుడుచుకోలేదు.